బాబ్ రాస్ కెరటాలు: ఆ మెత్తటి మాటల వెనక ఎంత లెక్కుందో చూశారా?

భీమిలి_గాలి · #1

బాబ్ రాస్ అనగానే జనం చెట్లు, కొండలు, ఆ గుబురు జుట్టు అంటారు. 1983 నుంచి 1994 దాకా 31 సీజన్లు, 403 భాగాలు నడిచిన ఆయన అమెరికా టీవీ బొమ్మల పాఠం ‘ది జాయ్ ఆఫ్ పెయింటింగ్’లో ఎక్కువగా వేసినవి అవే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు. కానీ ఆయన చేతి సత్తా తెలియాలంటే మాత్రం సముద్రం వేసిన భాగాలు పట్టి చూడాలి.

కొండ వంకర పోయినా కొండే. చెట్టు పాడైతే పక్కన ఇంకో చెట్టు పెట్టి, పాపం ఒంటరిగా ఉంది, తోడిచ్చాం అని సర్దుకోవచ్చు. కెరటం దగ్గర ఆ పప్పులుడకవు. ఒంపు తప్పిందంటే ఎన్ని కబుర్లు చెప్పినా అది నీళ్లుగా కనబడదు.

ఇంత కష్టమైన పనిని ఈయన గుమ్మాలకు రంగేసే సైజు కుంచెతో, జోకొట్టే గొంతుతో, అరగంట స్లాట్‌లో కానిచ్చేస్తాడు. మధ్యలో ఉడుతపిల్ల యోగక్షేమాలు కూడా చెప్తాడు.

ఆకాశం నుంచి ఇసుక దాకా ఆయన ఏ వరసలో, ఏ రంగుతో, ఎందుకలా వెళ్తాడో తెలిసినవాళ్లు విప్పి చెప్పండి. వెటకారానికి అభ్యంతరం లేదు. “సూపర్” అని ఒక్క ముక్క రాసి పోవడానికే అభ్యంతరం.

టర్పెంటైన్_తాత · #2

ముందు కాన్వాస్ సంగతి తేల్చుకుందాం. అది తేలకుండా కెరటం దాకా వెళ్లినవాళ్లంతా మధ్యలో మునిగారు.

ఆయనది 18×24 అంగుళాల కాన్వాస్. దాని మీద లిక్విడ్ వైట్ అనే పల్చటి తెల్ల నూనె రంగు పూసి, తడి ఆరకముందే మిగతా రంగులన్నీ దాని మీదే వేస్తాడు. తడి మీద తడి. ఇది ఆయన కనిపెట్టింది కాదు. బిల్ అలెగ్జాండర్ అనే జర్మన్ పెద్దాయన 1974 నుంచి 1982 దాకా అమెరికా టీవీలోనే ఈ పద్ధతిలో బొమ్మలు వేసి చూపించాడు. రాస్ నేర్చుకున్నది ఆయన దగ్గరే. గురువుగారు కాన్వాస్ మీద యుద్ధానికి దిగినట్టు అరుస్తూ వేస్తే, శిష్యుడు అదే పనిని గుసగుసల్లో చేశాడు.

లిక్విడ్ వైట్ ఇంట్లో కలుపుకోవాలంటే ట్యూబ్ టైటానియం వైట్‌లో లిన్సీడ్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేస్తూ రంగులు కలిపే కత్తితో (పాలెట్ నైఫ్) నూరండి. గరిటజారుగా వచ్చాక ఆపండి. టర్పెంటైన్ పోసి పల్చన చేస్తే అది కాసేపట్లో ఎగిరిపోయి, బొమ్మ సగంలో ఉండగానే కుంచె పట్టేసుకుంటుంది.

ఎంత పూయాలనే దానికి ఒక పరీక్ష ఉంది. పూసిన చోట వేలు ఆనించి తియ్యండి. వేలి గీతలు విడివిడిగా కనబడుతూ వాటి మీద తెలుపు అంటితే సరిపోయింది. గీతలు కప్పుకుపోయి ముద్ద అంటితే ఎక్కువైనట్టు, టిష్యూతో ఒత్తి తీసేయండి. కొత్తవాళ్లలో నూటికి తొంభైమంది ఎక్కువే పూస్తారు. ఆ తర్వాత ముదురు నీలం ఎంత వేసినా పాలనీలంగానే మారుతుంటే రంగు మంచిది కాదని కొట్టువాణ్ణి తిడతారు.

ఓరుగల్లు_ఈజిల్ · #3

తాతా, మస్తు చెప్పినవ్. గెస్సో, అంటే రంగు కంటె ముందుగాల కాన్వాస్‌కు పూసే పూత, దాని ముచ్చట గూడ కలుపుత. మన దగ్గర దొరికే కాటన్ కాన్వాస్ శానా గరుకుంటది, లిక్విడ్ వైట్‌ను పీల్చేసుకుంటది. పైన ఇంకో రెండు పూతలు గెస్సో వేసి, ఒక్కో పూత ఆరినంక 220 నంబర్ గరుకు కాయితంతో మెల్లగ రుద్దాలె. లేకుంటే నురగ కలిపేటప్పుడు బట్ట నేత అంతా పైకి తేలుతది, సముద్రం మీద గళ్లు కనవడ్తయి.

కత్తిపనోడు · #4

టీవీ మోసం ఒకటి చెప్పుకోవాలి కదా. మోసమంటే ముద్దుగానే అంటున్నా. “ఇక్కడ ఏం పెడదాం? ఒక రాయి ఉంటుందేమో, ఏమో, మీ ఇష్టం” అన్నట్టు ఆలోచిస్తుంటాడు చూశారా, ఆ రాయి ఎక్కడుండాలో ఆయనకు ముందే తెలుసు. ఒక్కో బొమ్మ మూడుసార్లు వేసేవాడు. షూటింగుకు ముందు ఒకటి, అది కెమెరాకు కనబడకుండా పక్కన నిలబడి ఉంటుంది, ఆయన దాన్ని చూసుకుంటూ వేస్తాడు. కెమెరా ముందు రెండోది. పుస్తకంలో ఫొటోల కోసం తర్వాత తీరిగ్గా మూడోది.

నా దృష్టిలో ఇది ఆయన్ని తక్కువ చేసే విషయం కాదు. కెరటం ఎక్కడ లేచి ఎక్కడ విరుగుతుందో ముందే తెలియకపోతే తడి మీద తడిలో సముద్రం వేయలేం. కొండలకైతే అప్పటికప్పుడు తోచింది చేయొచ్చు.

ఫిల్బర్ట్ · #5

కెరటం వరస నేను రాస్తాను. కొన్ని భాగాల్లో చిన్న తేడాలున్నా ఎముక ఇదే.

దిగంతరేఖ దగ్గర మాస్కింగ్ టేపు. పైన ఆకాశం. టేపు తీసేస్తే గీత కత్తితో కోసినంత సూటిగా ఉంటుంది. ఒకవైపు ఒక్క పావు అంగుళం ఒరిగినా సముద్రం ఫ్రేములోంచి కారిపోతున్నట్టు ఉంటుంది కాబట్టి కాన్వాస్ రెండు అంచుల నుంచీ స్కేలుతో కొలిచి గుర్తు పెట్టుకోండి.

ఆ తర్వాత కెరటం పైఅంచును సన్నగా గీసి, ముదురు రంగు జోలికి పోకుండా ముందు కన్ను వేస్తాడు. ఆటంతా ఇక్కడే. కన్నంటే వెలుతురు కెరటంలోంచి దూరి ఇవతలికి వచ్చే చోటు. టైటానియం వైట్‌లో కాడ్మియం ఎల్లో చిటికెడు కలిపి, ఫిల్బర్ట్ కుంచెతో, అంటే మొన గుండ్రంగా ఉండే చదును కుంచెతో, ఆ ఒక్క చోట గట్టిగా రుద్దాలి. పైఅంచు కిందే, అర్ధచంద్రం ఆకారంలో. కుంచె నలిగిపోతుందని జాలిపడకండి, రంగు కాన్వాస్‌లోకి ఎక్కాలి.

అప్పుడు కన్ను చుట్టూ, దానికి తగలకుండా, ముదురు రంగు. ఫ్తాలో బ్లూ, ఫ్తాలో గ్రీన్, కొంచెం వాన్‌డైక్ బ్రౌన్. ఫ్తాలోలు రెండూ పిశాచాలు, గోరంత చాలు. కన్నుకూ ముదురుకూ మధ్య అర అంగుళం ఖాళీ వదిలి, శుభ్రమైన పొడి కుంచెతో కన్నులోంచి బయటికి, కెరటం ఒంపును పట్టుకుని లాగాలి. వెలుగులోంచి చీకట్లోకి. అటు నుంచి ఇటు లాగితే ఒక్క గీతకే కన్ను పోతుంది.

ఆయన దీన్నంతా “అలా రుద్దుకుంటూ పోవడమే” అన్నట్టు ఒక నిమిషంలో ముగించి నవ్వుతాడు. ఆ నవ్వు చూసి మోసపోయినవాళ్ల సంఘం పెడితే సభ్యత్వాలు పట్టవు.

పుచ్చిన_కుంచె · #6

ఒక ప్రశ్న. ముందంతా ముదురు నీలం వేసేసి, చివర్లో పైన పసుపు-తెలుపు దట్టంగా పెట్టి కలుపుకుంటే పోదా? ఈ కన్ను కాపలా ఎందుకు?

ఫిల్బర్ట్ · #7

పోదండీ. కింద తడిగా ఉన్న ఫ్తాలో పైకొచ్చి మీ పసుపుని కలిపేసుకుంటుంది. ఒక గీతకి సగం వెలుగు, రెండో గీతకి మొత్తం పచ్చ. ఇంకా తెలుపు పెడితే సుద్ద తేలిన పచ్చ. ఆరిన బొమ్మ మీదైతే మీరన్నది నడుస్తుంది, తడి మీద మాత్రం వెలుగు ముందు, చీకటి తర్వాత.

పైగా మీరన్న దట్టమైన పసుపు-తెలుపు కింద పల్చగా రుద్దిన నీలం మీద నిలవదు. ఈ పద్ధతికి ఉన్న ఒకే ఒక్క రాజ్యాంగం: గట్టి రంగు మీద పల్చటి రంగు అంటుతుంది, పల్చటి రంగు మీద గట్టిది అంటదు. రాస్ దీన్ని మనం విసుక్కునేంతగా చెప్పాడు. మనం వినం, అది వేరే సంగతి.

కన్ను ఇప్పటికే పోయి ఉంటే పైన పూయకండి. పాలెట్ నైఫ్ అంచుతో ఆ చోటు కాన్వాస్ దాకా గీకేసి, టిష్యూతో తుడిచి, లిక్విడ్ వైట్ మళ్లీ పలచగా వేలితో రాసి, అప్పుడు పసుపు రుద్దండి. చుట్టూ ముదురు గీత మిగిలినా ఫర్వాలేదు, కలిపేటప్పుడు పోతుంది.

నీలిమందు · #8

కన్ను ఎక్కడ పెట్టాలన్నది ఆయన ఇష్టం కాదని కూడా చెప్పాలి. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ కెరటం పైకి లేస్తుంది, దాని ఎత్తు ఇంచుమించు లోతులో నాలుగింట మూడు వంతులకు చేరేసరికి విరుగుతుంది. విరగబోయే క్షణంలో పైభాగమే పలచటి గోడ. సూర్యుడు కెరటం వెనక ఉంటే ఆ పలచటి చోటులోంచే వెలుతురు దూరుతుంది. నీరు ఎరుపును ముందు మింగేస్తుంది కాబట్టి ఇవతలికి వచ్చేసరికి మిగిలేది పచ్చ. అందుకే కన్ను పైఅంచు కింద, ఇంకా విరగని భాగంలో, విరిగే చోటుకు దగ్గరగా ఉండాలి. కెరటం అడుగున పెడితే సముద్రంలో ఎవరో ట్యూబ్‌లైటు పడేశారనుకోవాలి.

ఇంకో తిరకాసు. చూసేవాడి వీపు వెనక సూర్యుడుంటే కన్ను ఉండదు. కెరటం ముఖమంతా ముదురుగా, పైన ఆకాశపు ప్రతిబింబంతో ఉంటుంది. నీడలన్నీ చూసేవాడి వైపుకు పెట్టి కన్ను వెలిగించిన బొమ్మ సరైనది. సూర్యుణ్ణి ముందూ వెనకా ఇద్దర్ని పెట్టిన బొమ్మలు ఆన్‌లైన్లో బోలెడు.

భీమిలి_గాలి · #9

ఇది మన తీరానికి సరిగ్గా తగులుతుంది. మనది తూర్పు సముద్రం, సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. అంటే విశాఖలోనో భీమిలిలోనో ఒడ్డున నిలబడి కన్ను వెలగడం చూడాలంటే తెల్లవారాక మొదటి గంటే. సాయంత్రం బీచికెళ్లి ఫొటో తీసుకొచ్చి దానిలో కన్ను పెడితే అబద్ధం. అమెరికా పడమటి తీరంలో తిరగేసి, సాయంత్రం. రాస్ పుట్టిన ఊరు ఫ్లోరిడాలోని డేటోనా బీచ్, అదీ తూర్పు తీరమే, మన వేళలే.

గోదావరి మొగల వైపు, అందులోనూ వరదల రోజుల్లో, నీళ్లలో ఒండ్రు ఎక్కువ. అక్కడ ఫ్తాలో గ్రీన్ వాడితే ఎవరూ నమ్మరు. ఎల్లో ఓకర్, దానిలో సాప్ గ్రీన్ కాస్త, ముదురుకి వాన్‌డైక్ బ్రౌన్. కన్ను కూడా మెరవదు, మసకగా తేనెరంగులో ఉంటుంది.

గెస్సో_గారు · #10

సామాను గురించి. ఇక్కడ దొరికే స్టూడెంట్ గ్రేడ్ నూనె రంగులు ఈ పద్ధతికి మరీ మెత్తన. నూనె ఎక్కువ, రాస్ వాడిన గట్టి రంగుల్లా కత్తి మీద నిలబడవు. వేయడానికి గంట ముందు అట్టముక్క మీద పిండి పెట్టుకోండి, అట్ట నూనె పీల్చేస్తుంది. మరీ పీల్చేసి పొడిబారితే విరిగిపోతుంది కాబట్టి కత్తితో కదిపి చూస్తూ ఉండండి. ముఖ్యంగా తెలుపుకి ఇది తప్పదు, నురగ భారమంతా దానిదే.

ఫ్తాలో బ్లూ దొరక్కపోతే ప్రష్యన్ బ్లూ, కాస్త ముదురు, పచ్చవైపు మొగ్గుతుంది. ఫ్తాలో గ్రీన్ బదులు విరిడియన్, బలం తక్కువ కనుక ఎక్కువ పడుతుంది. డార్క్ సియెన్నాకి బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్ కలుపుకోండి. అలిజరిన్ క్రిమ్సన్‌కి మాత్రం ప్రత్యామ్నాయం వెతక్కండి, నురగ నీడకి అదే కావాలి. మామూలు ఎరుపు వేస్తే నీడ ఊదా రాదు, బూడిదగా చస్తుంది.

రెండంగుళాల కుంచె హార్డ్‌వేర్ షాపుదైనా పర్లేదు అనేవాళ్లున్నారు. ఆకాశానికి సరే. నురగ కలపడానికి వద్దు. ఆ వెంట్రుకలు మోటు, పైగా రాలతాయి. నురగలో ఇరుక్కున్న పందివెంట్రుకని తీయబోతే కెరటం తల ఎగిరిపోతుంది.

కత్తిపనోడు · #11

ఇక నురగ. నా లెక్కలో రాస్ ప్రతిభ సగం ఇందులోనే ఉంది, ఎందుకంటే ఆయన తెలుపుతో మొదలుపెట్టడు. జనం నురగంటే తెలుపనుకుంటారు. ఆయన ముందు నీడ వేస్తాడు: అలిజరిన్ క్రిమ్సన్, ఫ్తాలో బ్లూ, తెలుపు కలిపిన ఊదా. నీలం కొసరు, ఎరుపు ఎక్కువ, లేకపోతే కెరటంలో కలిసిపోయి కనబడదు. విరిగిపడ్డ చోట ఫిల్బర్ట్‌తో చిన్న చిన్న సున్నాలు చుడుతూ మచ్చలు మచ్చలుగా పెట్టాలి. పైఅంచు ఎగుడుదిగుడుగా ఉండాలి. ఒకే ఎత్తులో వరసగా వచ్చిందో, అది నురగ కాదు, ప్రహరీగోడ.

తర్వాత వెలుగు తగిలే పైఅంచుకి మాత్రం తెలుపు, గట్టిది, దట్టంగా. ఆ తెల్లటి అంచు అడుగుభాగాన్ని రెండంగుళాల కుంచె పైమూలతో, తగిలీ తగలనట్టు, చిన్న సున్నాలు తిప్పుతూ ఊదాలోకి కలపాలి. పైఅంచు ముట్టుకోకూడదు. ఊదా మచ్చలు అక్కడక్కడ మిగలాలి. ఈ రెండూ నిజంగా పాటించినవాడి నురగ ఉబ్బుగా నిలబడుతుంది. పాటించనివాడిది పొగ.

ఎక్కడ ఆపాలో తెలియడమే అసలు సమస్య. కలిపేకొద్దీ మెత్తగా, అందంగా అవుతున్నట్టు ఉంటుంది, ఇంకో రెండు తిప్పులు తిప్పుదామనిపిస్తుంది. ఆ రెండే కొంప ముంచేవి. రాస్ చెయ్యి గమనించండి: ఒక గుత్తికి నాలుగైదు తిప్పులు, అంతే, వెంటనే కుంచె పక్కకి.

పుచ్చిన_కుంచె · #12

ఆయన వేలితో కూడా నురగ పెట్టొచ్చంటాడుగా? అది చాలా సుఖంగా ఉంది.

గెస్సో_గారు · #13

సుఖమే, కానీ కాడ్మియం పసుపు వేలికి రాసుకోవద్దు. ఆ రంగులో ఉన్నది నిజం కాడ్మియం అయితే గ్లవుజు వేసుకోండి. ట్యూబ్ మీద ‘హ్యూ’ అని ఉంటే అది వేరే పదార్థంతో చేసిన పసుపు, అంత భయం లేదు. ఉత్త తెలుపైతే టైటానియం వైటే అని చూసుకోండి, పాత సీసం తెలుపు కాదు. ఏదైనా సరే, ఆ చేత్తో పకోడీ తినకండి.

ఫిల్బర్ట్ · #14

కెరటం మీదినుంచి వొంగిపడే నీళ్లు మర్చిపోయారు అందరూ. దానికి విసనకర్రలా విచ్చుకున్న ఫ్యాన్ కుంచె. తెలుపు రెండు వైపులా బాగా ఎక్కించి, కెరటం నెత్తిన ఆనించి, నీళ్లు పడే దారిలో ఒంపుగా కిందికి లాగాలి. మొదట్లో ఒత్తిడి, చివర గాల్లోకి వదిలేయాలి. విరిగే చోటుకి దగ్గరయ్యేకొద్దీ గీత పొడుగు, కన్ను వైపు వెళ్లేకొద్దీ పొట్టి. కన్ను మీద అసలే వద్దు, అంచు గీత ఒక్కటి చాలు.

అన్నీ నిట్టనిలువుగా, ఒకే పొడుగులో లాగితే వెదురు తడికలా కనబడుతుంది. ఈ తడిక జబ్బు నూటికి ఎనభై కెరటాల్లో ఉంది. మందేమిటంటే లాగేముందు ఖాళీ కుంచెతో గాల్లో ఒకసారి ఆ ఒంపు తిప్పి చూసుకోవడం. రాస్ కబుర్లు చెప్తూ చెయ్యి ఊపుతుంటాడు చూడండి, అది ఊరికే ఊపడం కాదని నా అనుమానం.

కెరటం ముఖం మీద నురగ గీతలు, ఆ వలలాంటి అల్లిక, సన్నగీతలకు వాడే లైనర్ కుంచెతో. రంగుని థిన్నర్‌తో సిరాలాగా పల్చన చేసి, కుంచెని రంగులో తిప్పుతూ లాగితే మొన తేలుతుంది. అల్లికలో ఖాళీలు దగ్గర పెద్దవి, పైకి వెళ్లేకొద్దీ చిన్నవి, కెరటం ఎటు వంగితే అటు సాగి ఉండాలి. అన్నీ ఒకే సైజులో పెడితే చేపల వల అక్కడే ఆరేసినట్టే.

ఓరుగల్లు_ఈజిల్ · #15

కుంచె కొట్టుడు గురించి ఒక్కరు గూడ రాయకపోతే ఎట్ల? ఆ పోగ్రాములో నాకు ఇష్టమైన సీను గదే. థిన్నర్‌లో కడిగి, కాన్వాస్ నిలబెట్టే స్టాండు, గా ఈజిల్ కాలుకు టపటప కొట్టి దెయ్యం వదలగొడ్తుంటే ముసిముసి నవ్వు నవ్వుతడు. మిగిలిన పోగ్రాం అంత ధ్యానం జేసిన మనిషి, గా పది సెకన్లే ఉతుకుడు.

అయితే నవ్వులాటకు కాదది. కుంచెల థిన్నర్ మిగిలితే కాన్వాస్ మీది రంగును కరగదీస్తది, కారుతది, కెరటం మధ్యల పారదర్శకంగ ఒక బొక్క పడ్తది. సముద్రం భాగాలల్ల ఇది ఇంక ముఖ్యం, కన్నును కలిపే కుంచె ఎముకల దాకా పొడిగుండాలె. అపార్ట్‌మెంటుల ఈజిల్‌కు కొట్టకుండ్రి, గోడమీద చుక్కలు పడ్తయి, ఇంటోళ్ల చేతుల మీరే ఉతుకబడ్తరు. చెత్తబుట్టల పెద్ద ప్లాస్టిక్ సంచి పెట్టి, దాని లోపట కొట్టుండ్రి. డబ్బా అడుగున జల్లెడ రేకు పెడ్తే మడ్డి కిందికి పోతది, పైన థిన్నర్ తేటగ ఉంటది, మళ్ల వాడొచ్చు.

టర్పెంటైన్_తాత · #16

దీనికి తోక. లిన్సీడ్ నూనె అంటిన గుడ్డలు, టిష్యూలు ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోదు, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. మన ఎండాకాలంలో మరీ ప్రమాదం. మూతున్న రేకుడబ్బాలో నీళ్లు పోసి అందులో వేయండి, లేదా ఒక్కొక్కటి విడిగా పరిచి ఆరనివ్వండి.

కిరోసిన్‌తో కుంచెలు కడిగే అలవాటు మానండి. జిడ్డు మిగులుతుంది, ఆ కుంచెతో వేసింది త్వరగా ఆరదు. వాసన లేని మినరల్ స్పిరిట్ దొరికితే మంచిది, అయినా కిటికీ తెరిచే ఉంచండి. వాసన రానంత మాత్రాన ఆవిరి లేదని కాదు.

నీలిమందు · #17

ఒడ్డు గురించి త్వరగా. ఇసుకకి వాన్‌డైక్ బ్రౌన్, డార్క్ సియెన్నా, తెలుపు. నీళ్లకి దగ్గరగా ముదురు, దూరంగా లేత, తడి ఇసుక ముదురు కదా. తడి మెరుపుకి ఆకాశపు రంగు కాస్త తెచ్చి, రెండంగుళాల కుంచెతో నిట్టనిలువుగా కిందికి లాగి, ఆ వెంటనే అడ్డంగా ఒక్కసారి తేలిగ్గా తుడుస్తాడు. నిలువు మర్చిపోతే మెరుపు రాదు, అడ్డం మర్చిపోతే నీళ్లు రావు.

ఒడ్డుకి పాకిన నీళ్ల అంచు తెల్లటి గీత, వంకరటింకరగా. దాని ఇవతల, అంటే మన వైపు, సన్నటి ముదురు గోధుమ గీత. నురగ అంచుకి మందం ఉంటుంది, వెలుగు వెనకనుంచి వస్తోంది కాబట్టి నీడ ఇటు పడాలి. ఈ ఒక్క గీత పెట్టగానే చదునుగా ఉన్న తెలుపు కాస్త ఇసుక మీద ఎత్తుగా లేచి కూర్చుంటుంది. ఇది పెట్టాక ఆయన ఒక్క క్షణం ఆగి, చూశారా అన్నట్టు మనవైపు తిరుగుతాడు. ఆ గర్వం ఆయనకు చెల్లుతుంది.

కత్తిపనోడు · #18

రాళ్లు నావి. ముదురు ముందు: వాన్‌డైక్ బ్రౌన్, డార్క్ సియెన్నా, కత్తితో, రాయి పైభాగం గట్టి అంచుతో. వెలుగుకి తెలుపు, గోధుమ రంగు పూర్తిగా కలిపేయకూడదు, చారలు కనబడాలి. కత్తిని పాలెట్ మీద ఒత్తి గీస్తే అంచున సన్నటి రంగు చుట్ట వస్తుంది, దాన్ని రాయి మీద ఆనించి, ఒత్తకుండా, కత్తి బరువుకే వదిలి కిందికి లాగితే రంగు తెగి తెగి పడుతుంది. ఒత్తితే వెన్న పూసినట్టు కప్పేస్తుంది, రాయి బండసబ్బు అయిపోతుంది.

విశాఖ వైపు రాళ్లు వేయాలంటే ఆ బూడిదరంగు తగ్గించండి. అక్కడివి ఖొండలైట్ శిలలు, ఎర్రటి గోధుమరంగు తిరుగుతుంటాయి. డార్క్ సియెన్నా రెట్టింపు, వెలుగులో ఎల్లో ఓకర్ కాస్త.

రాళ్ల పాదాలకి నురగ అన్నిటికంటే చివర. రాయి గాల్లో తేలుతోందంటే ఈ గీత మర్చిపోయారన్నమాట.

పుచ్చిన_కుంచె · #19

నల్ల కాన్వాస్ మీద సముద్రం సంగతి? అక్కడ కన్ను ఇంకా భగభగ వెలుగుతుంది కదా.

ఫిల్బర్ట్ · #20

వెలుగుతుంది, పక్కన నలుపు ఉంటే వెలగనిదేముంది. కాన్వాస్ కింది భాగం నల్ల గెస్సో పూసి పూర్తిగా ఆరనిచ్చి, దాని మీద లిక్విడ్ వైట్ కాకుండా లిక్విడ్ క్లియర్, అంటే రంగులేని నూనె. ఇది ఇంకా పల్చగా పూయాలి, ఒక్క చుక్క ఎక్కువైనా రంగులన్నీ జారతాయి. పైన ఫ్తాలోలు, అలిజరిన్ లాంటి పారదర్శక రంగులు రుద్దితే మొదట ఏమీ కనబడదు. తెలుపు తగలగానే ఒక్కసారి రంగు లేస్తుంది. ఇంద్రజాలం చూపించడానికి టీవీకి ఇంతకంటే ఏం కావాలి.

కానీ నేర్చుకోవడానికి ఇది వద్దంటాను. నల్ల మీద ఒంపు ఎక్కడుందో కనబడదు, నీడల విలువలు తెలియవు. తెల్ల కాన్వాస్ మీద తడిక రాకుండా కెరటం విరిగాకే దీని జోలికి రండి.

గెస్సో_గారు · #21

ఒప్పుకోను. నల్ల మీద ముదురు వేసే బాధే లేదు, కన్ను పాడయ్యే అవకాశం తక్కువ. కొత్తవాళ్లకి అదే తేలిక.

ఫిల్బర్ట్ · #22

కన్ను పాడవదు, నిజమే. కెరటం వెనక దూరపు నీళ్లు, ముందు నీళ్లు అన్నీ ఒకే నలుపులో కలిసిపోతాయి, అది పాడవడం కాదా? దూరం రావాలంటే నలుపు మీద ఎంత తెలుపు తేవాలో చూడండి. ఎవరి కుంచె వాళ్లిష్టం.

భీమిలి_గాలి · #23

ఇద్దరూ వేసినవి పక్కపక్కన పెట్టండి, ఇక్కడే తేలుద్దాం. ఈలోగా ఆరడం గురించి అడిగినవాళ్లకి: నురగ దట్టంగా ఉంటుంది కాబట్టి తీరప్రాంతపు ఉక్కలో పైపొర ఆరడానికే రెండు మూడు వారాలు చూసుకోండి. లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది, వేలితో నొక్కి చూసి నురగ చదును చేయకండి. వార్నిష్ ఆరు నెలల తర్వాత. ఆరేటప్పుడు చీకటి గదిలో దాచకండి, లిన్సీడ్ నూనె చీకట్లో పసుపు తిరుగుతుంది, తెల్లటి నురగ ముందుగా పట్టిచ్చేస్తుంది. నేరుగా ఎండ పడకుండా వెలుతురున్న గోడ చాలు.

పుచ్చిన_కుంచె · #24

ఇవన్నీ యాక్రిలిక్‌తో చేయలేమా? నూనె రంగులంటే ఇంట్లో వాసన గొడవ.

టర్పెంటైన్_తాత · #25

ఇదే పద్ధతిలో కాదు. యాక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది, కన్ను కలపడం మొదలుపెట్టేసరికి ముదురు అంచు గడ్డకట్టి ఉంటుంది. రిటార్డర్ కలిపితే కొంత టైం దొరుకుతుంది, మరీ ఎక్కువ కలిపితే జిగురుజిగురుగా ఉండిపోతుంది. యాక్రిలిక్‌కి దారి వేరు: ముదురు వేసి ఆరనిచ్చి, పైన తెలుపు, ఆ తెలుపు ఆరాక పల్చటి పసుపు-పచ్చ పొరలు ఒకదాని మీద ఒకటి. మీరు #6లో అడిగింది అక్కడ పనికొస్తుంది. దానికి విడిగా చర్చ తెరవండి, వచ్చి రాస్తాను. వాసన గొడవకైతే నీళ్లతో కడిగే నూనె రంగులు దొరుకుతున్నాయి, వాటితో తడి మీద తడి నడుస్తుంది, కాకపోతే పల్చన చేయడానికి నీళ్లు పోయకండి, వాటికి అమ్మే నూనే వాడండి. నీళ్లు పోస్తే కాసేపు పాలలా తెల్లబడి అసలు రంగు తెలియదు, కన్ను పెట్టేటప్పుడు అది చాలా ఇబ్బంది.